లోను ఫైలు ఎవరి బీరువాలో ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

ఇంటి అప్పులను మూటగట్టి, బాండ్లుగా మార్చి అమ్మే పద్ధతి మన దగ్గరా నెమ్మదిగా వేళ్లూనుకుంటోంది. 2025 మేలో అలాంటి పత్రాలు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయ్యాయి. ఇళ్ల రుణాలకు కొత్తగా డబ్బు పుడుతుందని సంతోషించేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ సర్వీసులో ఎక్కువ కాలం ఇంటి లోన్ల సీట్లోనే కూర్చున్నవాణ్ని కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది.

మా రోజుల్లో లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద వేరే అప్పులు లేవని చూపే ఈసీ, ప్యానెల్ లాయరు ఒపీనియన్, ఇంజినీరు వాల్యుయేషన్ అన్నీ అయ్యాక కూడా సాయంత్రం పూట స్కూటరేసుకుని ఆ స్థలం దాకా వెళ్లేవాళ్లం. పక్కింటివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాళ్లం. మాలో నిజాయితీ పొంగిపొర్లి కాదు. ఆ ఫైలు ఇరవై ఏళ్లు మా బీరువాలోనే ఉంటుంది, వాయిదాలు ఆగితే మెమో మాకే వస్తుంది. అందుకే సంతకం పెట్టే ముందు చెయ్యి కాస్త తటపటాయించేది.

2008 ఆర్థిక సంక్షోభానికి ముందు అమెరికాలో ఈ తటపటాయింపు పోయింది. 2003లో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీని 1 శాతానికి దించింది. అప్పు చవకైంది, ఇళ్ల ధరలు ఎగబాకాయి. లోను కుదిర్చిన బ్రోకరుకు సంతకం కాగానే కమీషన్ ముట్టేది. లోనిచ్చిన సంస్థ కొద్ది రోజుల్లోనే దాన్ని న్యూయార్కు పెట్టుబడి బ్యాంకుల అడ్డా అయిన వాల్‌స్ట్రీట్‌కు అమ్మేసి చేతులు దులుపుకునేది. అలాంటప్పుడు జీతం కాగితం అడిగే ఓపిక ఎవరికుంటుంది? నోటితో చెబితే రాసుకున్నారు. మొదటి రెండేళ్లు తేలికైన వాయిదా, మూడో ఏడు నుంచి గుండె గుభేలుమనే వాయిదా. వాల్‌స్ట్రీట్ ఇలాంటి అప్పులు వేలకు వేలు పోగేసి, ముక్కలు కోసి, పై ముక్కల మీద అన్నిటికన్నా భద్రమని చెప్పే ట్రిపుల్-ఏ ముద్ర వేయించి దేశదేశాలకు అమ్మింది. ముద్ర వేసే రేటింగ్ సంస్థకు ఫీజు ఇచ్చేది కూడా అమ్మేవాడే. పెళ్లిళ్ల పేరయ్యకు డబ్బిచ్చి మన పిల్లాడి గుణగణాలు మనమే చెప్పించుకున్నట్టు.

2006 నాటికి వడ్డీ 5.25 శాతానికి చేరింది, ఇళ్ల ధరలు వెనక్కి తిరిగాయి. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ లాంటి ఊళ్లలో వీధులకు వీధులు వేలానికొచ్చాయి. ఈ ఇబ్బంది పెద్దగా పాకకపోవచ్చనే అర్థం వచ్చేలా 2007 మార్చిలో ఫెడరల్ రిజర్వ్ అధిపతి బెర్నాంకీ చెప్పారు. ఎగవేతల లెక్క ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది మరి.

పాకించింది ఎగవేత కాదు, అనుమానం. నాలుగు ఉల్లిపాయలు కుళ్లితే ఏరి పారేస్తాం. ఏ బస్తాలో కుళ్లాయో తెలియకపోతే మాత్రం యార్డులో బేరమే ఆగిపోతుంది. 2007 ఆగస్టు 9న ఫ్రాన్సులో బీఎన్‌పీ పారిబా బ్యాంకు మూడు ఫండ్లలో చెల్లింపులు ఆపేసింది. కారణం ధర పడిపోవడం కాదు, వాటిలోని కొన్ని పత్రాల ధర ఎంతో కట్టలేకపోవడం. ఆ రోజు నుంచి బ్యాంకును బ్యాంకే నమ్మలేదు. మరుసటి నెల ఇంగ్లండులో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు డిపాజిటర్లు బారులు తీరారు. ఆ బ్యాంకును దెబ్బతీసింది అమెరికా పత్రాలు కావు. అది ఎక్కువగా మార్కెట్లో ఇతరుల దగ్గర డబ్బు తెచ్చి నడిచేది, ఆ ఇచ్చేవాళ్లే ఇవ్వడం మానేశారు. ఈ కథలో నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఈ నార్తర్న్ రాకే.

2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ కూలింది. మర్నాడే బీమా సంస్థ ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల ఫెడరల్ రిజర్వ్ అప్పు. అంతకు పది రోజుల ముందే మన దువ్వూరి సుబ్బారావు గారు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా కుర్చీలో కూర్చున్నారు! మన బ్యాంకుల దగ్గర ఆ పత్రాలు అంతంతమాత్రమే. అయినా అక్టోబరులో ఇక్కడ బ్యాంకుల మధ్య ఒక్కరోజు అప్పుల వడ్డీ 20 శాతం దరిదాపులకు ఎగిసింది. విదేశాల్లో అప్పు పుట్టని కంపెనీలు ఇక్కడి బ్యాంకుల మీద పడ్డాయి, మ్యూచువల్ ఫండ్ల నుంచి డబ్బు లాగేసుకున్నాయి. సూరత్‌లో వజ్రాలు సానబట్టేవాళ్లు పని పోయి ఊళ్లకు వెళ్లిపోయారు. మా ఊళ్లో ఇంజినీరింగ్ పూర్తయిన పిల్లలు ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. వాళ్ల విద్యా రుణాలు మా బ్రాంచివే. స్టాక్టన్‌లో ఆగిన వాయిదా అట్లాంటిక్ దాటి, ఆ తర్వాత మా కౌంటరు దాకా వచ్చి ఆగిందన్నమాట.

మనకు తగిలిన దెబ్బ ఆ మాత్రంతో పోవడానికి ఒక కారణం, అంతకు ముందు ఐదేళ్లు గవర్నరుగా ఉన్న వై.వి. రెడ్డి గారి మొండితనం. ఇంటి రుణాలకు బ్యాంకులు ఎక్కువ సొంత మూలధనం పక్కన పెట్టాలని 2004లో నిబంధన బిగించారు. అప్పులు అమ్మిన లాభాన్ని అప్పటికప్పుడు పద్దులో వేసుకోవద్దని, బాండు కాలమంతా కొద్దికొద్దిగా చూపాలని 2006లో చెప్పారు. అప్పట్లో మా బ్రాంచికొచ్చే బిల్డర్లు ఆయన్ని తిట్టుకునేవారు. నిజం చెప్పొద్దూ, టార్గెట్లు అందక మేమూ గొణుక్కున్నాం.

ఇప్పుడు అసలు విషయం. ఇంటి అప్పులను బాండ్లుగా అమ్మే సంస్థ అందులో కనీసం 5 శాతం తన దగ్గరే ఉంచుకోవాలని 2021 నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశం. వంద రూపాయల అప్పుకు ఐదు రూపాయల దిగులు చాలదని నా అభిప్రాయం. మార్కెట్ చిన్నగా ఉన్నప్పుడే దీన్ని పెంచాలి. పెరిగాక పెంచబోతే అడ్డుపడేవాళ్లు చాలామంది తయారవుతారు. రెండోది, నెలనెలా వాయిదా కట్టే మనిషికి తన అప్పు ఎవరి చేతికి వెళ్లిందో, ఇబ్బందొస్తే ఎవరి గడప తొక్కాలో తెలుగులో రాసిన కాగితం ఇంటికి రావాలి. లోను మంజూరు పత్రాన్నే తెలుగులో ఇవ్వలేకపోయినవాళ్లం మేము, ఆ సంగతి ఒప్పుకుంటూనే అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి