విత్తనాల పైసలు ఫుట్‌బాల్ పందెంలో పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

2026 ప్రపంచకప్ ఫుట్‌బాల్ జూన్ 11న మెక్సికో సిటీలో మొదలై జూలై 19న న్యూజెర్సీలో ముగుస్తుంది. మన దగ్గర మృగశిర కార్తె వచ్చిన వారంలోపే మొదలన్నమాట. పత్తి గింజలకు, డీఏపీకి తెచ్చి పెట్టుకున్న పైసలు ఇంట్లో ఉండే రోజులివి. దేవరకొండ నుంచి గద్వాల దాకా క్రికెట్ పందేలకు అలవాటు పడ్డ పిల్లలు అదే బెట్టింగ్ ఐడీతో ఫుట్‌బాల్ మీదా కాస్తారని మా భయం. క్రికెట్ లెక్క ఇక్కడ పనికిరాదు. ఎందుకో వివరంగా రాస్తున్నాం.

ఫుట్‌బాల్‌లో ఫలితాలు మూడు: ఒకరి గెలుపు, రెండోవారి గెలుపు, డ్రా. పందేలు కట్టించుకునే బుకీ ఇచ్చే రేట్లు 1.80, 3.50 (డ్రా), 4.50 అనుకోండి, అంటే రూపాయి పెట్టి గెలిస్తే చేతికొచ్చే మొత్తం. ఏ ఫలితం వచ్చినా 100 రూపాయలు తిరిగి చేతికి రావాలంటే మొదటిదాని మీద 55.56, డ్రా మీద 28.57, మూడోదాని మీద 22.22 పెట్టాలి. కూడితే 106.35. ఆ పైనున్న ఆరు రూపాయల ముప్పై ఐదు పైసలే బుకీ బతుకుతెరువు. ఆట ఎటు పోయినా అతనికి ఆ వాటా రేట్లలోనే ఉంది. ఐదు మ్యాచ్‌లు కలిపి ఒకే పందెం కాస్తే ఈ కోత ఐదుసార్లు పడుతుంది. అలాంటి పందేలు కాస్తూపోతే పెట్టిన ప్రతి 100కు సగటున తిరిగొచ్చేది 73 రూపాయలే. ‘వందకు రెండు వేలు’ అని ఊరించేది ఈ పందెంతోనే.

ఎక్కువమంది మోసపోయే చోటు ఇంకొకటుంది. గెలుపు పందెం లెక్క మామూలుగా 90 నిమిషాలు, దానికి రెఫరీ కలిపిన సమయంతోనే ముగుస్తుంది. సమంగా ఉంటే ఆ తర్వాత ఆడించే ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు అందులోకి రావు. 2022 ఫైనల్లో 90 నిమిషాలకు అర్జెంటీనా 2, ఫ్రాన్స్ 2. ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత 3-3. పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా కప్పు ఎత్తింది. కానీ ఆ రోజు ‘అర్జెంటీనా గెలుపు’ మీద మామూలు పందెం కాసినవాళ్ల పైసలు పోయాయి, ఎందుకంటే ఆ లెక్కలో అది డ్రా. ఇక పెద్ద జట్టు కదా అన్న ధీమాకు అదే టోర్నీలో సౌదీ అరేబియా జవాబు చెప్పింది, అర్జెంటీనాను 2-1తో ఓడించి. గోల్స్ తక్కువగా పడే ఆట ఇది. రెండు మంచి దెబ్బలు చాలు, బలమంతా తలకిందులవుతుంది. చూసేవాళ్లకు అదే అందం.

ఆట నడుస్తుండగా కాసే పందెం ఇంకా ప్రమాదం. ఫోన్లో కనిపించే బొమ్మ మైదానం కన్నా వెనక నడుస్తుంది, ఒక్కోసారి అర నిమిషం పైనే. మైదానం నుంచి నేరుగా సమాచారం తీసుకునే బుకీకి గోల్ ముందే తెలుస్తుంది. మన వేలు బటన్ మీద పడేలోపు రేటు మారిపోతుంది.

పోయింది రాబట్టుకుందామని రెట్టింపు చేస్తూ పోయేవాళ్లు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. 100తో మొదలుపెట్టి వరుసగా ఏడు ఓడితే పోయింది 12,700. ఎనిమిదో పందెం 12,800. రెండింతలు ఇచ్చే రేటుకు అది గెలిచినా, అన్నీ పోను మిగిలేది 100 రూపాయలు. ఆ 12,800 నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 384 కట్టాలి. ఏడాదికి నూటికి 36 అన్నట్టు.

‘ఫిక్స్’ అయిన మ్యాచ్ చెబుతామనే టెలిగ్రామ్ గ్రూపుల గుట్టు కూడా చెప్పాలి. ఓడిన జట్టు ఇంటికెళ్లే నాకౌట్ దశలో 800 మందిలో సగానికి ఒక జట్టు పేరు, సగానికి ఇంకో జట్టు పేరు పంపుతారు. తప్పు వెళ్లిన 400 మందిని వదిలేస్తారు. మూడు మ్యాచ్‌లయ్యేసరికి మిగిలిన 100 మందికి ఆ గ్రూపు నడిపేవాడు దేవుడిలా కనిపిస్తాడు. ఫీజు అడిగేది అప్పుడే.

గెలిచినా గండమే. ఈ ఐడీలకు డబ్బు కట్టేది ఎవరిదో తెలియని యూపీఐకి. తిరిగొచ్చేది ఇంకెవరిదో ఖాతా నుంచి. అది సైబర్ మోసం సొమ్మని తేలితే మీ ఖాతా కూడా స్తంభిస్తుంది, పంట డబ్బు పడే ఖాతాయే అయినా సరే. పైసలు ఇవ్వకపోతే అడిగే దారి కూడా లేదు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. మన తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టంలో నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా ఉన్నాయి. మోసపోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోవాలి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఆట మాత్రం తప్పక చూడండి. ఈసారి 48 జట్లు, 104 మ్యాచ్‌లు. పన్నెండు గ్రూపుల్లో మొదటి రెండు స్థానాలతో పాటు మూడో స్థానంలో నిలిచిన మెరుగైన ఎనిమిది జట్లూ ముందుకెళ్తాయి. కాబట్టి గ్రూపు చివరి మ్యాచ్‌లో డ్రా చాలనుకునే జట్లు ఎదురైతే ఆట నెమ్మదిస్తుంది, విసుగుపడొద్దు. ప్రతి సగంలో మూడు నిమిషాల నీళ్ల విరామం ఉంది. పొద్దుగాల చేనుకు పోయేవాళ్లు అర్ధరాత్రివి వదిలేసి, రాత్రి తొమ్మిదిన్నరకు మొదలయ్యేవి ఎంచుకుంటే నిద్ర చెడదు.

సంపాదకులకు మా విన్నపం రెండు మాటల్లో. ఆటల పేజీలో బెట్టింగ్ సైట్ల రేట్లను ‘గెలుపు అంచనా’ అని వేయకండి. మ్యాచ్ వేళలను మన టైములో, మన తేదీతో వేయండి. ఫైనల్ మనకు జూలై 19 ఆదివారం అర్ధరాత్రి దాటాక 12.30కి, అంటే 20వ తేదీ సోమవారం. అక్కడి తేదీ పక్కన మన టైము వేస్తే శనివారం రాత్రే టీవీ ముందు కూర్చునేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉంటారు.

— కొందరు ఫుట్‌బాల్ అభిమానులు, నల్లగొండ