జులై ట్రేడ్లు గాయాల టీమ్‌ను గట్టెక్కిస్తాయా?
అందరికీ నమస్తే. గాయాలతో కుదేలైన బేస్‌బాల్ టీమ్‌ను జులై ట్రేడ్లు (ఆటగాళ్ల మార్పిడి) గట్టెక్కిస్తాయా అన్న నిన్నటి ప్రశ్నకు, అమెరికా లీగ్‌లోని 2021 అట్లాంటా బ్రేవ్స్ టీమ్‌ను చూడండి. జులై 10న వాళ్ల స్టార్ అవుట్‌ఫీల్డర్ (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసేవాడు) అకూన్యా మోకాలి లిగమెంట్ తెగింది, అతని సీజన్ అయిపోయింది. నెలాఖరులోపు ట్రేడ్ల ద్వారా పీడర్సన్, డువాల్, సోలేర్, రోసారియో వచ్చారు: అవుట్‌ఫీల్డ్ మొత్తం కొత్తది! రోసారియో అయితే పొట్ట కండరం గాయంతో ఇంజూర్డ్ లిస్ట్‌లో (గాయపడి ఆడలేనివాళ్ల జాబితా) ఉండగానే వచ్చాడు. అందుకే అంత చవక. చివరికి నేషనల్ లీగ్ ఫైనల్లో అతను, ఆ తర్వాతి టైటిల్ పోరు వరల్డ్ సిరీస్‌లో సోలేర్ ఎంవీపీలు (అత్యుత్తమ ఆటగాళ్లు).

కానీ అవుట్‌ఫీల్డర్లు దొరికినంత తేలిగ్గా స్టార్టింగ్ పిచర్లు (మ్యాచ్ మొదటి నుంచి బంతి విసిరేవాళ్లు) దొరకరు. పిచర్ల మోచేతులు పోయిన టీమ్ ఇదే దారి పడితే ట్రేడ్లలో మంచి కుర్రాళ్లు పోతారు, లోటు మాత్రం అలాగే ఉంటుంది. ఇంకోటి, కొత్తగా వచ్చేవాళ్లకు 40 మంది రోస్టర్‌లో (టీమ్ ఆటగాళ్ల జాబితా) చోటు కావాలంటే, చాలాకాలం ఆడలేని గాయపడ్డవాళ్లను 60 రోజుల ఇంజూర్డ్ లిస్ట్‌కు మార్చొచ్చు.