వాస్కో రైల్లో కలిసిన పెద్దాయనకు

మీ పేరు అడగడం మర్చిపోయాను సార్, అందుకే ఇక్కడ రాస్తున్నా. గుంతకల్లులో రైలెక్కిన మా అనంతపురం వాళ్లకు గోవా అంటే బీచ్‌లే తెలుసు. 1961 డిసెంబరు దాకా అక్కడ పోర్చుగీసు పాలన ఉండేదని, 1987లో రాష్ట్రమైందని, వైశాల్యం 3,702 చదరపు కిలోమీటర్లేనని మీరే చెప్పారు (మా పాత జిల్లాలో అలాంటివి ఐదు పడతాయి!). దూద్‌సాగర్ వస్తోందని మా పాపను లేపి కిటికీ పక్కన కూర్చోబెట్టారు, కొండ మీంచి అన్ని నీళ్లు దూకడం మా సీమ పిల్ల ఎప్పుడు చూసింది గనుక! మీరన్నట్టే ఓల్డ్ గోవాలో ఫెర్రీ ఎక్కి మాండోవి నది దాటి దివార్ దీవికి పోయాం, నడిచి వెళ్లేవాళ్లకు టికెట్టే లేదు. మోకాళ్ల నొప్పులని అమ్మకు మీ కింది బెర్తు ఇచ్చేశారు, ఆమె ఇంకా మిమ్మల్నే తలుచుకుంటోంది. చాలా థ్యాంక్స్ సార్.