నాన్నకు, భీమిలి పిట్టల సంగతి

కింగ్స్ లిన్, ఇంగ్లండ్
ఏప్రిల్ మొదటి వారం

నాన్నా,

భీమిలి నుంచి మీరు పంపిన ఫోటోలన్నీ చూశాను. వాట్సాప్‌లో ఒక్కోదానికీ జవాబు పెడుతూ పోతే ఏ మాట ఏ పిట్టకో కలగాపులగం అయిపోతుంది. పైగా ఫోన్‌లో చిన్న అక్షరాలు చదవడమంటే మీకు విసుగు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను, తాపీగా చదువుకోండి.

ముందు అమ్మ తరఫున ఒక మాట. టోపీ లేకుండా ఎండలో తిరుగుతున్నారట. పెట్టుకోండి. బీపీ మాత్ర వేసుకున్నాకే ఇంట్లోంచి కదలండి. "రిటైరయ్యాకైనా మనిషి ఇంటిపట్టున ఉంటాడనుకున్నా" అని అమ్మ సణుగుతోంది గానీ, మీ ఫోటోలు పక్కింటివాళ్ళందరికీ చూపిస్తున్నది కూడా తనేనట.

"అన్నీ ఒకే మట్టి రంగులో ఉన్నాయి, ఏది ఏదో ఎలా చెప్పడం" అని అడిగారు కదా. శీతాకాలమంతా మన తీరంలో గడిపే ఈ పిట్టలు చాలావరకు ఇసుక రంగులోనో బురద రంగులోనో ఉంటాయి. కాబట్టి రంగు సంగతి చివర చూసుకోవచ్చు. మొదట అది ఎలా తింటోందో చూడండి. నాలుగడుగులు గబగబా పరుగెత్తి, ఠక్కున ఆగి, ఒక్కసారి పొడిచి, మళ్ళీ పరుగందుకుంటే అది ప్లోవర్. కళ్ళు పెద్దవి, ముక్కు పొట్టిది, చూపుతోనే వేటాడుతుంది. మన తీతువుదీ అదే కుటుంబం. మేఘాద్రిగెడ్డ గట్టు మీద అది కూడా ఇలాగే ఆగి ఆగి పరుగెత్తుతుంది, మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. అలా కాక తల ఎత్తకుండా నడుస్తూ బురదలో ముక్కు దింపుతూ పోతుంటే అది చాలావరకు శాండ్‌పైపర్ల వైపు పిట్ట. వీటిలో చాలావాటికి ముక్కు కొసలో స్పర్శ తెలుస్తుంది. బురద లోపలి పురుగును కంటితో పనిలేకుండా తడిమి పట్టుకుంటాయి. ఇది తేలాక ముక్కు పొడవు, వంపు, కాళ్ళ రంగు చూడాలి.

ఇక మీ ఫోటోలు. పొడి ఇసుక మీద ఒంటరిగా నిలబడ్డ చిన్న పిట్ట కెంటిష్ ప్లోవర్. మెడ వెనక తెల్ల పట్టీ చుట్టూ తిరిగింది చూడండి. ఛాతీకి రెండు పక్కలా ఉన్న మచ్చలు మధ్యలో కలవలేదు. కలిసిపోయి, కంటి చుట్టూ పసుపు వలయం కూడా ఉంటే అది లిటిల్ రింగ్డ్ ప్లోవర్ అయ్యేది. కెంటిష్ ప్లోవర్ మన దేశంలో కూడా గుడ్లు పెడుతుంది, అదీ ఇసుకలో చిన్న గుంట చేసుకుని. గుడ్లు అచ్చం ఇసుక రంగులోనే ఉంటాయి కాబట్టి కాలికింద పడినా తెలియదు. ఎండలు ముదిరే ఈ రోజుల్లో పైనున్న పొడి ఇసుకలోకి వెళ్ళకుండా తడి అంచు వెంబడే నడవండి. ఏ పిట్టయినా రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు నటిస్తోందంటే గూడు దగ్గర్లో ఉందన్నమాట, వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

గుంపుగా ఉన్నవి శాండ్ ప్లోవర్లు. మెడ వెనక తెల్ల పట్టీ లేకపోవడమే గుర్తు. వాటిలో ఒకదాని ఛాతీ మీద ఇటుక రంగు మొదలైంది, గమనించారా? గూడు కట్టే కాలానికి వేసుకునే రంగు అది. లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఇన్నాళ్ళూ ఒకటిగా లెక్కపెట్టిన జాతిని పక్షి శాస్త్రజ్ఞులు ఈమధ్యే రెండు చేశారు, టిబెటన్ అని, సైబీరియన్ అని. మన వైపు ఎక్కువగా వచ్చేది టిబెటన్. పేరుకు తగ్గట్టే హిమాలయాలు దాటి టిబెట్ పీఠభూమికి పోయి అక్కడ పిల్లల్ని చేస్తుంది. ఆ గుంపులోనే కుడివైపు చివర కాస్త పెద్దగా కనిపిస్తున్నది గ్రేటర్ శాండ్ ప్లోవర్ కావచ్చు. కానీ కాళ్ళు బురదలో దిగబడ్డాయి, ముక్కు నేరుగా కెమెరా వైపు ఉంది. పక్క నుంచి తీసిన ఫోటో లేకుండా దానికి పేరు పెట్టను. ఇలాంటి చోట యాప్ చెప్పే పేరు కూడా నమ్మకండి. ఫోటో ఎంత మసగ్గా ఉన్నా అది ఏదో ఒక పేరు చెప్పేస్తుంది.

పడవల దగ్గర తోక పైకీ కిందికీ ఆడిస్తూ తిరిగేది కామన్ శాండ్‌పైపర్. ఫోటోలో తోక ఆడించడం కనపడదు గానీ, రెక్క ముందు భుజం దగ్గర తెల్లటి చీలిక ఉంది, అది చాలు.

నన్ను కుర్చీలోంచి లేపింది మాత్రం తొమ్మిదో ఫోటో. పొట్టి పొట్టి నారింజ కాళ్ళు, ముక్కు పొడుగ్గా ఉండి పైకి వంగింది. టెరెక్ శాండ్‌పైపర్ నాన్నా అది! పైకి వంగిన ముక్కు ఇంకొన్నిటికీ ఉంటుంది గానీ, అంత పొట్టి కాళ్ళతో కలిపి ఉండేది దీనికే. ఇది మామూలు శాండ్‌పైపర్‌లా నెమ్మదిగా నడవదు, తల వంచుకుని బురద మీద పీతల వెంట పరుగులు పెడుతుంది. మీరు "పిచ్చి పిట్ట, ఒక్క చోట నిలవదు" అని రాశారు చూడండి, ఆ ఒక్క మాటతో నా అనుమానం పూర్తిగా తీరింది. ఇకనుంచి ప్రతి ఫోటోకీ ఇలాంటి మాట ఒకటి రాసి పంపండి. ఇక్కడి పెద్దవాళ్ళు కెమెరా మరిచిపోయినా నోటుబుక్కు మాత్రం మరిచిపోరు.

మిగతా ఫోటోల్లో పిట్టలు నల్లటి నీడల్లా పడ్డాయి. తప్పు కెమెరాది కాదు. మీరు పొద్దున్నే రోడ్డు వైపు నిలబడి గోస్తనీ మొగ వైపు తీస్తున్నారు. మనకు సముద్రం తూర్పున కదా, సూర్యుడు నేరుగా లెన్సులోకి వస్తున్నాడు. సాయంత్రం నాలుగున్నర దాటాక వెళ్ళండి. ఎండ మీ వీపు వెనక నుంచి పడి కాళ్ళ రంగు, ఈకల అంచులు అన్నీ తెలుస్తాయి. పొద్దున్న తొమ్మిది దాటాక ఇసుక మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సయినా దూరపు పిట్టను ముద్దగానే చూపిస్తుంది. ఆ వంకర ముక్కు పిట్ట కర్ల్యూనా, విమ్బ్రెలా అని నేను తేల్చలేకపోవడానికి కారణం అదే. ఈసారి దగ్గరగా దొరికితే తల మీద చారలున్నాయేమో చూడండి. చారలుంటే విమ్బ్రెల్.

సెట్టింగులు మరీ బుర్రకు ఎక్కించుకోవద్దు. షట్టర్ సెకనులో వెయ్యో వంతు పెట్టండి, ఎగిరేవాటికి రెండు వేలో వంతు. తడి ఇసుక మెరుస్తుంటే కెమెరా మోసపోయి అంతా చీకటి చేస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్‌ను కాస్త ప్లస్ వైపు జరపండి. వీలైతే కింద కూర్చుని తీయండి. మోకాళ్ళు సహకరించకపోతే మడత కుర్చీ ఉంది కదా.

ఆటుపోట్ల గురించి పోర్టులో పనిచేసిన మనిషికి నేను చెప్పడం ఏం బాగుంటుంది! అయినా ఇక్కడి సంగతి వినండి. మా ఊరికి దగ్గర్లో స్నెటిషామ్ అని ఒక చోటు, వాష్ అనే పెద్ద అఖాతం ఒడ్డున ఉంది. అమావాస్య, పౌర్ణముల పోటుకు ఇక్కడ నీళ్ళు ఆరేడు మీటర్లు లేస్తాయి. మైళ్ళ పొడవున్న బురదంతా మునిగిపోయేసరికి నాట్ అనే పిట్టలు వేలకు వేలు ఒక్కసారిగా లేచి, ఒడ్డు వెనక పాత కంకర గుంటల గట్ల మీద దిగుతాయి. రెక్కల చప్పుడుకు పక్కవాళ్ళ మాట వినపడదు. అవి గ్రీన్‌లాండ్ నుంచి, కెనడా ఉత్తర కొస నుంచి వచ్చినవి. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది గానీ, పేర్లు నేర్చుకోవడానికి మాత్రం భీమిలే మేలంటాను. మన దగ్గర నీళ్ళు అంత లేవవు, గుంపులూ చిన్నవే, పిట్ట పక్కన పిట్ట పెట్టి పోల్చుకోవడానికి తీరిక దొరుకుతుంది. పోటు తీసి బురద బయటపడే వేళకు ఒకచోట కదలకుండా కూర్చోండి. మీరు వాటి దగ్గరికి వెళ్ళక్కర్లేదు, నీటి అంచు వెంట అవే మేస్తూ వస్తాయి. పోటు రోజుకు దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుందని మీకు తెలుసు కాబట్టి సాయంత్రానికి కుదిరే రోజులు మీరే చూసుకోగలరు.

ఫోటో కోసం వాటిని లేపకండి, ముఖ్యంగా ఈ నెలలో. ప్రయాణానికి ముందు అవి తిని తిని కొవ్వు పెంచుకుంటాయి. గాడ్‌విట్ అనే పిట్టయితే ఎగరబోయే ముందు పొట్టలోని అవయవాలను కూడా చిన్నవి చేసుకుంటుంది, బరువు తగ్గడానికి. ఆ జాతిదే ఒక పిల్ల, పుట్టి అయిదు నెలలు కూడా నిండనిది, 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మేనియాకు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. వీపున కట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్ ఆ లెక్క చెప్పింది. మనం ఒకసారి పరుగెత్తించామంటే అవి కూడబెట్టుకున్నది కొంత అక్కడే ఖర్చయిపోతుంది. కుక్కలు తరిమేది ఎలాగూ ఉంది.

కాలికి రంగు ప్లాస్టిక్ జెండా గానీ ఉంగరం గానీ ఉన్న పిట్ట కనిపిస్తే మిగతావి వదిలేసి దాన్నే తీయండి. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఒడిశా చిలికా సరస్సులో, తమిళనాడు కోడిక్కరైలో ఎన్నో ఏళ్ళుగా ఉంగరాలు తొడుగుతున్నారు. జెండా రంగును బట్టి ఏ దేశంలో తొడిగారో చెప్పవచ్చు.

ఇంకోటి, అక్కడ ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. నేవీ వాళ్ళ గోడ వైపు ఆ పొడుగు లెన్సు తిప్పకండి. పిట్టను తీశానని చెప్పినా ఎవరూ వినరు.

నెలాఖరు లోపు మళ్ళీ ఒకసారి వెళ్ళిరండి. శాండ్ ప్లోవర్ల రంగు ఇంకా తేరుతుంది, ఆ తర్వాత చాలావరకు వెళ్ళిపోతాయి. ఆగస్టు, సెప్టెంబరు దాకా మళ్ళీ రావు. డిసెంబరులో నేను వచ్చినప్పుడు పూడిమడక వైపు కూడా పోదాం. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచీ ఉంది. సెలవు పొడిగించుకోగలిగితే ఇద్దరం పేర్లిద్దాం.

అమ్మను మజ్జిగ సీసా ఇచ్చి పంపమన్నానని చెప్పండి. ఆ తొమ్మిదో ఫోటో మళ్ళీ పంపండి, మామూలు ఫోటోలా కాదు, డాక్యుమెంట్‌గా. లేకపోతే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది. ఎలాగో తెలియకపోతే పక్కింటి కుర్రాణ్ణి అడగండి.

మీ అమ్మాయి