రికార్డులు తగ్గించండి, తరగతిలో కూర్చోనివ్వండి

సంపాదకుడు గారికి,

నేను బి.ఇడి. రెండో సంవత్సరం విద్యార్థినిని. 16 వారాల బోధనాభ్యాసం కోసం పలాస దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్తున్నాను. మొదటి వారం ఏడో తరగతికి లెక్క చెబుతూ, జీడిపిక్కల బస్తా 100 కిలోలని బోర్డు మీద రాశాను. వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి, "టీచర్, జీడిపిక్కల బస్తా 80 కిలోలండీ" అంది. పలాస చుట్టుపక్కల ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కల బేరాలన్నీ ఆ బస్తా లెక్కలోనే జరుగుతాయి. అంతవరకు నోరు విప్పని ఆ పిల్ల, ఆ గంటలో మిగతా లెక్కలన్నీ తోటివారికి తానే వివరించింది.

"పాఠం రాసుకునే ముందు ఊళ్లో రెండు వీధులు తిరిగి రా అమ్మా" అన్నారు సీనియర్ లెక్కల మాస్టారు. మూడు రోజులు ఆయన తరగతిలో కూర్చున్నాను. ప్రశ్న అడిగాక ఆయన ఎంత ఓపికగా ఆగుతారో! నేనైతే జవాబు నేనే చెప్పేసేదాన్ని. ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ముందు సవర గిరిజనుల దగ్గర వారి భాష నేర్చుకున్నారు, ఆ తర్వాతే వారి చదువుకు పూనుకున్నారు.

మాకు అలా నేర్చుకునే వ్యవధే దొరకడం లేదు. రాత్రంతా బోధనాభ్యాసం రికార్డులు రాయడం, చార్టులు గీయడమే. వాటి సంఖ్య తగ్గించి, సీనియర్ల తరగతుల్లో కూర్చున్న గంటలకూ మార్కులు ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక ఛాత్రోపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా