ఇంటి వీడియోల్లో టేపు కనిపించాలి

సంపాదకులకు,

ఫ్లాటైనా ప్లాటైనా ఇప్పుడు బేరం వీడియోతోనే మొదలవుతోంది. పత్రికల్లో వచ్చే కొన్ని ప్రకటనల్లోనూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డ్రోన్ దృశ్యం, వెనకాల హుషారైన సంగీతం. అమెరికాలో ఉన్నవాళ్లయితే ఆ వీడియో చూసే టోకెన్ అడ్వాన్సు పంపేస్తున్నారు. ఇన్ని హంగులున్న వీడియోల్లో కొలతలు మాత్రం కనిపించవు.

తిరకాసు చాలావరకు లెన్సులోనే ఉంది. ఫోను కెమెరాలో 0.5 ఎక్స్ జూమ్ నొక్కితే దాదాపు వంద డిగ్రీల వెడల్పు దృశ్యం పడుతుంది. 1 ఎక్స్‌లో పడేది సుమారు 70 డిగ్రీలే. మూలన నిలబడి 0.5లో తీస్తే పది బై పది బెడ్రూమ్ కూడా హాలంత కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే దొరికిపోతుంది: ఫ్రేము అంచుల్లో మంచం ఒక పక్కకు సాగుతుంది, సీలింగ్ ఫ్యాన్ కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. అయినా ఈ గొప్పంతా సైటు విజిట్ దాకానే. అక్కడ గది చూసి ఉసూరుమన్న పార్టీ మళ్లీ ఫోనెత్తదు. ఏజెంటుకు పెట్రోలు దండగ.

అందుకే 1 ఎక్స్‌లోనే, ఫోను ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని తీయాలి. ప్రతి గదిలో నేల మీద కొలతల టేపు పరిచి, గోడ నుంచి గోడకు ఎంతో అంకె చదవగలిగేలా చూపాలి. పదడుగుల వెడల్పులో ఐదడుగుల మంచం, రెండడుగుల వార్డ్‌రోబ్ పోతే మిగిలేది మూడడుగులు. వార్డ్‌రోబ్ తలుపు తెరిస్తే అదీ ఉండదు. కొనేవాళ్లు ఈ లెక్క ఇంట్లో కూర్చునే వేసుకోగలగాలి. ఆ వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గి అంకెలు అలుక్కుపోతాయి, డాక్యుమెంటుగా పంపాలి.

రీసేల్ ఫ్లాటుకు మూడు నాలుగు నిమిషాల వీడియో చాలు, కానీ మధ్యలో కట్ ఉండకూడదు. వీధి వెడల్పు, పార్కింగ్ స్లాటు, పక్కన కారుంటే మన కారు బయటికి వస్తుందా, లిఫ్టు, కారిడార్, తర్వాతే గుమ్మం. బాత్రూమ్ సీలింగు, కిటికీ కింద గోడ తప్పక చూపాలి, చెమ్మ ముందు తేలేది అక్కడే. ఒక కుళాయి తిప్పి నీళ్ల ఒత్తిడి చూపాలి. సంగీతం తీసేసి కిటికీ తెరిస్తే రోడ్డు చప్పుడు ఎంతో తెలిసిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరా షట్టరు వేగం 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టకపోతే కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద తెరపై చారలు పారతాయి. పగలు లైట్లార్పి తీస్తే ఈ గొడవే ఉండదు, గదికి ఎంత వెలుతురొస్తుందో కూడా తెలుస్తుంది.

కట్టబోయే ఇళ్లను కంప్యూటర్‌లో గీసి చూపే త్రీడీ వాక్‌త్రూల్లో మంచాలు, సోఫాలు అసలు సైజుకన్నా చిన్నవి వేస్తే గది దానంతటదే పెద్దదవుతుంది. కింద సేలబుల్ ఏరియా, అంటే గోడలు, బాల్కనీ, ఉమ్మడి స్థలాల వాటా కలిపిన అంకె మాత్రమే వేస్తారు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో, అంటే ఇంట్లో వాడుకునే నేల విస్తీర్ణంలో, బయటి గోడలు, బాల్కనీ లెక్కకు రావు. లోపలి అడ్డగోడలు వస్తాయి. ఆ అంకె కూడా తెరమీద వేయాలి.

వెంచర్ (ప్లాట్ల లేఅవుట్) వీడియోలది మరో తంతు. డ్రోన్ 400 అడుగులు లేస్తే ఔటర్ రింగ్ రోడ్డు ప్రహరీ పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా కారులోంచి కట్ లేకుండా తీసి, ఓడోమీటరును మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూపితే చాలు. హద్దురాళ్లు, ప్లాటు నంబరు, టేపుతో కొలిచిన రోడ్డు వెడల్పు కూడా ఉండాలి. మార్చిలో తీసిన వీడియోలో పల్లపు ప్లాటు తెలియదు. గట్టి వాన పడిన మర్నాడు తీసింది కూడా జతచేయమని కొనేవాళ్లు అడగాలి. చెరువు దగ్గరి లేఅవుటైతే ఇంకా గట్టిగా అడగాలి.

రెరా చట్టం 2016 సెక్షన్ 11 ప్రకారం ప్రకటనలో ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ప్రస్ఫుటంగా ఉండాలి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోతే సెక్షన్ 12 కింద పరిహారం కోరవచ్చు. కొనుగోలు వదులుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగి వస్తుంది. 500 చదరపు మీటర్లు మించని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లు మించని భవనానికీ రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది, అది వేరే మాట. నంబరు ఉండాల్సిన ప్రాజెక్టుల వీడియోల్లోనూ అది చివరి సెకనులో మెరిసి మాయమవుతుంది. నిలువు రీల్స్‌లో కింది అంచున వేస్తే దానిమీద ఖాతా పేరు, క్యాప్షన్, బటన్లు వచ్చి కూర్చుంటాయి. వేసినట్టూ ఉంటుంది, కనబడనట్టూ ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా సంస్థలు వీడియోలకు విడిగా నిబంధన పెట్టాలి: నంబరు తెర పైభాగంలో, మొదటి సెకను నుంచి చివరిదాకా, ఫోన్లో చదవగలిగే సైజులో ఉండాలని.

– ఇళ్ల వీడియోలు తీసే ఒక పాఠకుడు, హైదరాబాద్