అటక మీది ఓడ

మల్కాపురం,
విశాఖపట్నం.

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. మీ ఓడ ఈపాటికి సింగపూర్ దాటి ఉంటుందని మీ నాన్న లెక్క. ఈ ఉత్తరాన్ని ఫొటో తీసి పంపుతున్నాను. సిగ్నల్ అందిన రేవులో తీరిగ్గా చదువుకో.

నువ్వు ఇంటర్‌లో ఉండగా నేను అటక మీద పెట్టించిన పెట్టె గుర్తుందా? రెండు తెరచాప కొయ్యల ఓడ, చెక్క ముక్కలతో మనమే చేసుకునే కిట్. నీ స్కాలర్‌షిప్ డబ్బుతో కొనుక్కున్నావు. పరీక్షలయ్యాక దింపిస్తానన్నాను, దింపించలేదు. నువ్వూ మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే ఇన్నేళ్ళూ నాకు ముల్లులా ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి బూజు దులుపుతూ దాన్ని కిందికి దించాను. ఆ వయసులో నువ్వు దేని మీద అంత మనసు పెట్టుకున్నావో తెలుసుకోవాలని నేనే తెరిచాను. ముందుగా నిన్ను అడగనందుకు ఏమీ అనుకోకు.

పెట్టె మీద 1:64 అని ఉంది. అసలు ఓడ 64 అడుగులుంటే బొమ్మ ఒక్క అడుగు. లోపల కీల్, అంటే ఓడ వెన్నెముక, దానికి అడ్డంగా గుచ్చే పది చట్రాలు, సన్నటి బద్దల కట్టలు, దారాలు, పెసరగింజంత కప్పీలు. మూలమట్టం పెట్టి ఒక్కో చట్రం నిటారుగా ఉందో లేదో చూసి అంటించడానికి మూడు రోజులు పట్టింది. షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు ప్లేట్లు వంచిన మనిషి కదా, మీ నాన్న పక్కనే కూర్చుని ప్రతిదానికీ ఓ మాట చెప్పేవారు. 1948 మార్చి 14న నెహ్రూ గారు ఆ షిప్‌యార్డులో కట్టిన జల ఉష ఓడను నీళ్ళలోకి దింపినప్పుడు తాతయ్య ఆ జనంలో ఉన్న సంగతి కూడా మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. బద్దలు అంటించడం మొదలుపెట్టాక మాత్రం ఆయనే ఊరుకున్నారు. "ఇనుమైతే కాల్చి వంచుతాం. చెక్క సంగతి నాకు తెలీదు" అన్నారు.

చెక్క సంగతి నాకూ తెలీదు. బద్దని వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, సీసా చుట్టూ తిప్పి కట్టి ఆరబెడితే వంపు నిలుస్తుంది. అంతవరకూ బాగానే వచ్చింది. అయితే ఒక పక్క నాలుగు బద్దలు వరసగా వేసేశాను. చేతికి అలవాటైంది కదా, ఆ పక్క ముగిద్దామని. పొద్దున లేచి చూస్తే ఓడ మొత్తం అరటిపండులా ఆ పక్కకి వంగిపోయి ఉంది. జిగురు ఆరుతూ అన్ని బద్దలూ ఒకే వైపు లాగాయి. అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోవాలట. వేడినీళ్ళలో ముంచిన గుడ్డని అతుకుల మీద వేసి, ఫెవికాల్ మెత్తబడ్డాక నాలుగూ ఊడదీశాను. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది చిన్నా. నీ వస్తువుని పాడు చేశానని.

రెండోసారి ఇంకో సంగతి తెలిసింది. ఓడ నడుము దగ్గర చట్రం చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. నడుము దగ్గర పట్టినన్ని బద్దలు ముక్కు దగ్గర అదే వెడల్పుతో పట్టవు, ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. లంగాకి కలీలు కత్తిరిస్తాం చూడు, కింద వెడల్పు, నడుము దగ్గర సన్నం. ఆ లెక్కే ఇది. ప్రతి చట్రం మీదా కాగితం చుట్టి కొలిచి, బద్దల సంఖ్యతో భాగించి, ముక్కు వైపు సన్నగా కోసుకున్నాను. చట్రాల అంచులు కూడా ఉప్పుకాగితంతో ఏటవాలుగా రుద్దితేనే బద్ద పూర్తిగా ఆనుతుంది. ఇవి తెలిశాక చెయ్యి నిలకడగా సాగింది. దొర్లిపోయిన రెండు కప్పీలకి బదులు, విరిగిన మన ఏటికొప్పాక బొమ్మలోని అంకుడు ముక్కతో చెక్కాను. మెత్తటి కర్ర, కత్తికి చక్కగా లొంగింది.

ఇక మోకులు. ఇది రాయాలనే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇరవై ఏళ్ళు పిల్లలకి శాతవాహనుల పాఠం చెప్పాను. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంటుందని బోర్డు మీద గీసి చూపించేదాన్ని. ఆ కొయ్యలు గాలికి పడిపోకుండా ఎలా నిలుస్తాయని ఏ పిల్లా అడగలేదు, నాకూ తోచలేదు. కొయ్యని కిందున్న గుంట ఒక్కటే పట్టుకోలేదు. రెండు పక్కలా సమానంగా లాగి కట్టిన మోకులే దాన్ని నిలబెడతాయి. మోకు కొసన మూడు కన్నాల చెక్క బిళ్ళ, ఓడ పక్కన ఇంకో బిళ్ళ, రెండింటి మధ్య సన్నతాడు అల్లిక. మోకు వదులైతే ఆ అల్లిక బిగిస్తే చాలు. కదలని మోకులకి నల్లదారం, ఎందుకంటే అసలు ఓడల్లో అవి వానకీ ఉప్పుకీ కుళ్ళకుండా తారు పూసేవారు. కప్పీల్లోంచి పాకే తాళ్ళు మాత్రం లేత రంగు.

ఆ నల్ల మోకుల మీద నావికులు ఎక్కడానికి అడ్డతాళ్ళ మెట్లు కట్టాలి. అసలు ఓడలో మెట్టుకీ మెట్టుకీ 15 అంగుళాలనుకుంటే బొమ్మలో 6 మిల్లీమీటర్లు. పక్కకి 3 మోకులు, 18 మెట్లు, రెండు పక్కలు, రెండు కొయ్యలు: మొత్తం 216 ముడులు. క్లోవ్ హిచ్ అనే ముడి. పుస్తకంలో బొమ్మ చూసి చూసి టెన్షన్ వచ్చింది. తీరా దారం చేతిలోకి తీసుకుంటే వేళ్ళు వాటంతటవే కదిలాయి. మల్లెలు కట్టేటప్పుడు కాడల చుట్టూ దారం మెలిపెట్టి బిగిస్తాం చూడు, దానికి దగ్గరి చుట్టమే ఇది. మెలిక పక్కన ఇంకో మెలిక, అంతే. మా అమ్మ నేర్పిన చేతిపని నీ ఓడ మీదికి వచ్చింది.

మొదటి పక్క మరీ బిగించి కట్టడంతో మోకులు మధ్యలో దగ్గరకొచ్చి డమరుకంలా అయ్యాయి. అవన్నీ కత్తిరించి, వెనకాల గీతల కాగితం పెట్టి, దారానికి తేనెమైనం రాసి మళ్ళీ కట్టాను. రాత్రి పూట కట్టేదాన్ని. ఒక్కో ముడీ వేస్తూ నువ్వు ఇంజన్ రూములో ఉన్నావా, డ్యూటీ దిగి పడుకున్నావా అనుకునేదాన్ని. ఇదివరకు నీ ఉద్యోగం అంటే నాకు ఫోన్ కలవని రోజులే. ఇప్పుడు ఓడ అంటే ఏది దేన్ని పట్టుకుని ఉంటుందో కొంచెం తెలుసు. నువ్వు నీ పని గురించి చెప్పబోతే "జాగ్రత్త నాన్నా" అని మాట తుంచేసేదాన్ని కదా, ఈసారి నువ్వు చెప్పు, వింటాను.

తెరచాపలు ఎత్తి దించే తాళ్ళు నేను ముట్టుకోలేదు. అవి నీకే వదిలాను. కిట్‌లోని లేత రంగు దారం ఇన్నేళ్ళకి పుచ్చిపోయింది, లాగితే తెగుతోంది. పావు మిల్లీమీటరు మందం పాలియెస్టర్ దారం ఏ రేవులోనైనా కనబడితే రెండు ఉండలు తీసుకురా. దొరక్కపోతే వెతుక్కుంటూ తిరగకు, పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు నేను చూస్తాను. ఓడ నీ బల్ల మీదే ఉంది, ఫ్యాన్ గాలి తగలకుండా గుడ్డ కప్పాను.

ఇట్లు
అమ్మ